తండ్రితో కాక తండ్రి గురించి మాట్లాడే కొడుకు: గుంటూరులో ఒక కుటుంబ కౌన్సెలింగ్ కేసు

తండ్రీకొడుకుల గొడవ మా దగ్గరకు వచ్చినప్పుడు, ఎవరి మాటలో న్యాయం ఉందో తూచడం మొదలుపెడతాం. ఈ కేసులో ఆ తూకం వల్ల నెలలు గడిచాయి గానీ ఒక్క అడుగూ పడలేదు. కదలిక తెచ్చింది 1970 నాటి ఒక ఇంగ్లీషు పాట. అది కూడా పాటలోని భావం వల్ల కాదు. ఆ పాటలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో గమనించడం వల్ల. తండ్రీకొడుకులతో పనిచేసే తోటి కౌన్సెలర్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఇచ్చింది. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను, కొన్ని పూర్తిగా వదిలేశాను.

నేపథ్యం

తండ్రికి యాభై దాటాయి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. పల్లెల నుంచి రైతులు సరుకు ఆయన కొట్టుకే తెస్తారు. సాగు మొదలయ్యేటప్పుడు వాళ్లకు పెట్టుబడికి డబ్బు సర్దుతాడు. టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డులో దిగాక కొనేవాళ్లకు చూపించి, కాటా వేయించి, లెక్క తేల్చి పంపుతాడు. పేరున్న మనిషి. ఆ పేరు నమ్మకం మీద వచ్చింది. రైతు బాకీ పడ్డా, వ్యాపారి డబ్బు ఆలస్యం చేసినా మధ్యలో నిలబడేది ఆయనే.

పంతొమ్మిదేళ్లకు డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆ వారంలోనే కాలేజీ మానేసి కొట్లో కూర్చున్నాడు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. ఈ సంగతి మొదటి రోజు తల్లి మాటల మధ్య అలా చెప్పుకుంటూ పోయింది. నేను రాసుకున్నాను గానీ, దాని బరువు నాకు తెలిసింది చాలా తర్వాత.

కొడుక్కి ఇరవై మూడు. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తయింది. రెండు సీజన్లు కొట్లో పనిచేశాడు, బాగా చేశాడు కూడా. చిట్టాపుస్తకాల్లో ఉన్న రైతుల ఖాతాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అతనికి మాత్రం ఓడల్లో పనిచేయాలని ఉంది. మెకానికల్ డిగ్రీ ఉన్నవాళ్లు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తింపు ఉన్న సంస్థలో మెరైన్ ఇంజినీరింగ్ శిక్షణ తీసుకుని, ఓడ ఇంజన్ రూమ్‌లో జూనియర్‌గా చేరొచ్చు. జీఎంఈ అంటారు దాన్ని. ఫీజు వివరాలు, మెడికల్ పరీక్షల జాబితా అన్నీ ఫైల్ చేసి పెట్టుకున్నాడు. ఆ ఫైల్ ఇంట్లో తల్లికి మాత్రమే తెలుసు.

సమస్య

ముందుగా వచ్చింది తల్లి. ఆమె చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఇద్దరూ ఒకే హాల్లో కూర్చుంటారు మేడమ్. నాన్నని అడుగమ్మా అని వాడంటాడు. నీ కొడుక్కి చెప్పు అని ఈయనంటాడు. వంటింట్లోంచి వచ్చి నేను ఇటు చెప్పాలి, అటు చెప్పాలి."

అరుపుల్లేవు, తలుపులు వేసుకోవడాల్లేవు. బయటివాళ్లకు చక్కగా కనిపించే ఇల్లు. ఓడల మాట మొదటిసారి బయటపడ్డ రోజున తండ్రి, "సముద్రం మీద పని మనకెందుకు" అని లేచి వెళ్లాడట. ఆ తర్వాత ఏడు నెలలుగా ఇద్దరి మధ్యా నేరుగా ఒక పూర్తి వాక్యం నడవలేదు. తల్లికి బీపీ మొదలైంది. కొడుకు తెల్లవారుజాము దాకా మేలుకుంటున్నాడు, బరువు తగ్గాడు. తండ్రి పనేమీ లేకపోయినా కొట్టు నుంచి ఆలస్యంగా వస్తున్నాడు.

తరాల గొడవ అని పేరు పెట్టేముందు జబ్బేమైనా ఉందేమో చూడాలి. కొడుకుతో విడిగా మాట్లాడాను. చనిపోవాలన్న ఆలోచనలు, తాగుడు, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఇవన్నీ సూటిగా అడిగాను. అలాంటివి లేవు. నిద్ర విషయంలో నాకు అనుమానం మిగలడంతో సైకియాట్రిస్టుకు చూపించమన్నాను. మందులు అక్కర్లేదన్నారు. అయినా ముగ్గురి ఫోన్లలోనూ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 సేవ్ చేయించాను. ఇరవైల్లో ఉన్న కుర్రాడు ఇంట్లో మాట్లాడటం మానేస్తే ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఇక తండ్రిని ఎప్పుడు పిలవాలన్నది నేను తీసుకున్న మొదటి పెద్ద నిర్ణయం. అది ఫిబ్రవరి. యార్డులో సరుకు పోటెత్తే కాలం. చీకటితో లేచి వెళ్లి రాత్రికి ఇల్లు చేరే మనిషిని అప్పుడు కూర్చోబెడితే, ఏం అడిగినా అది ఇంకో బాకీ వసూలులాగే వినిపిస్తుంది. తర్వాతి బ్యాచ్ దాకా ఆగగలనని కొడుకు కూడా చెప్పాడు. అందుకని సీజన్‌లో తండ్రిని ఒకటి రెండుసార్లే, అదీ తక్కువ సేపు కలిసి, అసలు పనిని మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేదాకా వాయిదా వేశాను. తల్లికి ఇది నచ్చలేదు. "అప్పటిదాకా ఎట్లా మేడమ్" అని బాధపడింది. ఆమె ఆత్రం న్యాయమైనదే. కానీ తండ్రి అలసటలో ఒకసారి 'వద్దు' అని గట్టిగా అనేస్తే, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవడం ఆయన పరువుకు కష్టమవుతుంది.

పనిచేయని ప్రయత్నాలు

సీజన్ నడుస్తుండగా కొడుకుతో విడిగా సాధన చేయించాను. నాన్నకు ఏం చెప్పాలో నాతో చెప్పమన్నాను. చక్కగా చెప్పేవాడు. జీతం, భద్రత, మళ్లీ ఎప్పుడు వస్తాడు, అన్నీ వరసగా. ఇంటికి వెళ్లాక ఒక్కటీ నోట్లోంచి వచ్చేది కాదు. నా ముందు మాట్లాడుతున్నంతసేపూ అతని వాక్యాలన్నీ "ఆయన ఏమనుకుంటారంటే", "ఆయనకి అర్థం కాదండి" అనే నడిచేవి. ఆ సమయానికి అది నాకు మామూలు మాటతీరుగానే అనిపించింది.

తర్వాత ఉత్తరం. నాలుగు పేజీలు రాశాడు, నిజాయితీగా రాశాడు. తీసుకెళ్లి తల్లికిచ్చాడు, నాన్నకి ఇమ్మని. తండ్రి కళ్లజోడు దగ్గర లేదని భార్యనే చదవమన్నాడు. మనసు కష్టపెట్టే వాక్యాలు ఆమె దాటేసింది. చివరికి ఆయనకు చేరింది ఫీజు ఎంత, ఊరు ఏది అన్నంతవరకే. ఏ దారి మూసుకుపోయిందో ఆ దారినే ఉత్తరం కూడా వెళ్లింది. ఇళ్లల్లో ఉత్తరాలు రాయించే కౌన్సెలర్లు, అవి ఎవరి చేతుల మీదుగా వెళ్తాయో ముందే అడగాలి.

ఏప్రిల్ చివర్లో సరుకు కాస్త తగ్గాక, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కాగితం మీద లాభాలు ఒక పక్క, నష్టాలు ఒక పక్క రాయించాను. తండ్రి చెప్పినవన్నీ ఆలోచించదగ్గవే. ఒక్కడే కొడుకు, పెళ్లి వయసు, పెట్టుబడి తీసుకున్న రైతులతో తెగని లెక్కలు, ముప్పై ఏళ్లుగా నిలబెట్టిన పేరు. కొడుకు ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నువ్వేమంటావని అడిగితే నా వైపు తిరిగి, "ఆయన వినరండి" అన్నాడు. తండ్రి చేయి చాస్తే అందే దూరంలో ఉన్నాడు. ఆయన కూడా నా వైపే తిరిగి, "ఎప్పుడు వినలేదో చెప్పమనండి మేడమ్" అన్నాడు.

ఇంట్లో తల్లి నిలబడే చోటులోనే ఆ గదిలో నేనున్నాను. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగినప్పుడు మూడో మనిషిని లోపలికి లాగి భారం దించుకుంటారని కుటుంబ చికిత్సలో మర్రే బోవెన్ చెప్పిన త్రికోణం ఇదే. పుస్తకంలో చదివిన సంగతే. కానీ మన ఇళ్లల్లో ఆ మూడో మనిషి ఎంత సహజంగా అమ్మ అయిపోతుందంటే, అక్కడొక త్రికోణం ఉందని కూడా మనకు తోచదు. కొడుక్కి నాన్నతో పని ఉంటే అమ్మను అడగడం మన మర్యాదల్లో ఒకటి.

పాట ఎలా వచ్చింది

ఒక రాత్రి కొడుకు ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక పాట లింకు పెట్టాడు. తండ్రి చూశాడు, తెరవలేదు. బాబాయి బొటనవేలు గుర్తు పెట్టాడు. మరునాడు కొడుకు ఆ సంగతి నాతో చెబుతూ, "అందులో నా మాటలన్నీ ఉన్నాయి మేడమ్" అన్నాడు.

ఆ పాట క్యాట్ స్టీవెన్స్ రాసి పాడిన 'ఫాదర్ అండ్ సన్'. 1970లో వచ్చిన 'టీ ఫర్ ది టిల్లర్‌మ్యాన్' ఆల్బమ్‌లోది. గిటారు మీద నెమ్మదిగా సాగే జానపద ధోరణి పాట. దాని పుట్టుక వేరే పనికోసం. రష్యా విప్లవం నేపథ్యంలో ఒక సంగీత నాటకం తలపెట్టారు. పాత పద్ధతులు వదలని రైతు తండ్రి, విప్లవంలో చేరతానని బయలుదేరే కొడుకు. 1969లో స్టీవెన్స్‌కు క్షయ సోకి నెలల తరబడి మంచాన పడటంతో ఆ నాటకం ఆగిపోయింది, పాట మిగిలింది. రెండు పాత్రలనూ ఆయనే పాడాడు. తండ్రికి కింది స్థాయిలో నిదానమైన గొంతు, కొడుక్కి పై స్థాయిలో ఉద్వేగం నిండిన గొంతు.

ఆ రాత్రి పాట మళ్లీ మళ్లీ విన్నాను. కౌన్సెలర్‌గా వింటే రెండు సంగతులు తట్టాయి. పాటలో తండ్రి కొడుకుతోనే మాట్లాడతాడు. తొందరపడకు, కూర్చో, నన్ను చూడు, పెళ్లి చేసుకుని స్థిరపడు అంటాడు. చాలా ప్రేమగా అంటాడు. కానీ నీకేం కావాలని కొడుకును ఒక్కసారి కూడా అడగడు. ఇక కొడుకు? అతను తండ్రితో అసలు మాట్లాడనే మాట్లాడడు. తండ్రి గురించి మాట్లాడతాడు. నేను చెప్పబోతే ఆయన మొహం తిప్పుకుంటాడని, మాటలు వచ్చినప్పటి నుంచి వినడమే నా పని అయిందని, వాళ్లకు తెలిసింది వాళ్ల సంగతే తప్ప నేను కాదని. ఆ మాటలు వింటున్నది మనం, శ్రోతలం. తండ్రి కాదు.

యాభై ఏళ్లుగా జనం ఈ పాట విని తండ్రి పక్షమో కొడుకు పక్షమో ఎంచుకుంటున్నారు. నాకు మాత్రం ఆ హాలు, వంటింట్లోంచి వచ్చి అటూ ఇటూ మాటలు మోసే తల్లి కనిపించారు. అడగని తండ్రి, ఎదురుగా చెప్పని కొడుకు. ఓడల గొడవ దీని మీదికి తర్వాత వచ్చి చేరింది.

పాటను వాడాలా వద్దా

వద్దనడానికి గట్టి కారణాలే ఉన్నాయి. తండ్రికి ఇంగ్లీషు పాటలు రావు. పైగా కొడుకు అప్పటికే ఆ పాటను తన తరఫు వకీలులా చూస్తున్నాడు. నేను కూడా అదే పాట పెడితే, తండ్రి కళ్లకు మేమిద్దరం కలిసి ఆయన్ని నిలదీసినట్టు ఉంటుంది. వాడటానికి ఉన్న కారణం ఒక్కటే. తమ గొడవ గురించి మాట్లాడమంటే ఇద్దరూ బిగుసుకుపోతున్నారు. వేరే ఇంటి గొడవ అయితే మాట్లాడగలరేమో.

మూడు షరతులు పెట్టుకున్నాను. పాటలో తండ్రి మాటలను ముందు తీసుకోవాలి. చరణం చరణానికీ అర్థం నేనే తెలుగులో చెప్పాలి, కొడుకు చెప్పకూడదు. పాటలో ఎవరిది రైటు అన్న ప్రశ్న గదిలోకి రాకూడదు.

సెలవుల్లో సిట్టింగ్

పాత రికార్డింగే ముందు వినిపించాను. తండ్రి కళ్లు మూసుకుని విన్నాడు. పూర్తయ్యాక ఆయన అడిగిన మొదటి మాట: "రెండూ ఒకడే పాడాడా?"

అవునన్నాను. ఆయన మొహం విప్పారింది. చిన్నప్పుడు ఊళ్లో తిరునాళ్లకు బుర్రకథలు వినేవాడట. పొన్నెకల్లు నాజర్ గారు పల్నాటి యుద్ధం చెబుతుంటే జనం తెల్లవార్లూ కదిలేవాళ్లు కాదని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లట. కథకుడు ఒక్కడే తండ్రీ అవుతాడు, కొడుకూ అవుతాడు, శత్రువూ అవుతాడు. షేక్ నాజర్ మన జిల్లా మనిషి, 1986లో పద్మశ్రీ అందుకున్న కళాకారుడు. ఆ పేరు రావడంతో ఇంగ్లీషు పాట తండ్రికి పరాయిది కాకుండా పోయింది. నేను ఎంత వివరించినా ఆ పని జరిగేది కాదు.

తర్వాత ఆయనే ఒక మాటన్నాడు. "బాలచంద్రుడు కూడా యుద్ధానికి పోతానని తల్లి దగ్గరకే వెళ్లాడు గదండీ. ఐతాంబ దగ్గర సెలవు తీసుకునే చోట మా అమ్మమ్మ ఏడ్చేది." ఆ మాట అని కాసేపు ఆగాడు. నేను కల్పించుకోలేదు. అందులో ఉన్న సంగతి ఆయనకు తెలియాలంటే నేను నోరు మూసుకోవాలి.

మళ్లీ అనుమానం వచ్చింది. "ఇది రాసేటప్పటికి ఆయనకి పిల్లలున్నారా?" లేరు, అప్పుడప్పుడే ఇరవై దాటిన కుర్రాడని చెప్పాను. "మరి తండ్రి మాట కూడా కొడుకే రాశాడన్నమాట" అన్నాడు. న్యాయమైన అభ్యంతరం. అందుకే యాభై ఏళ్ల తర్వాతి సంగతి చెప్పాను. యూసుఫ్ ఇస్లాంగా పేరు మార్చుకున్న ఆ గాయకుడే, పిల్లలు, మనవలు పుట్టాక, 2020లో ఈ ఆల్బమ్‌ను మళ్లీ రికార్డు చేశాడు. తండ్రి భాగం తన ముసలి గొంతుతో పాడి, కొడుకు భాగానికి 1970లో లాస్ ఏంజెలెస్ కచేరీలో తాను పాడిన పాత రికార్డింగును జోడించాడు. "అది పెట్టండి" అన్నాడు. విన్నాక, "ఇప్పుడు తండ్రి గొంతు తండ్రిలా ఉంది" అన్నాడు. కొడుకు మొదటిసారి తలెత్తి నాన్న వైపు చూశాడు.

అప్పుడు అర్థం చెప్పడం మొదలుపెట్టాను. ఒకప్పుడు నేనూ నీలాగే ఉన్నాను అని పాటలో తండ్రి అనే చోట ఆయన చేయి ఎత్తి ఆపాడు.

"నేను వీడిలా ఎప్పుడున్నానండీ? నాకా వయసే రాలేదు. పొద్దున కాలేజీకి పోయినవాణ్ణి, సాయంత్రానికి కొట్లో కూర్చున్నా."

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. కొడుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తాతకు పక్షవాతం వచ్చిందని తెలుసు గానీ, నాన్న నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఆ నిమిషంలో నేను "చూశావా, నాన్న ఎంత త్యాగం చేశారో" అని ఉంటే కేసు అక్కడితో ముగిసిపోయేది. కొడుకు ఓడల ఊసెత్తడం మానేసి కొట్లో కూర్చునేవాడు. ఇంటిల్లిపాదీ సంతోషించేవాళ్లు. కొన్నేళ్లకు అదే కుర్రాడు తన కొడుకు ముందు ఇదే మాట అంటూ కూర్చునేవాడు. కుటుంబాల్లో త్యాగం మాట ఎత్తితే అవతలివాళ్ల నోరు మూతపడుతుంది. కౌన్సెలర్ దాన్ని పనిముట్టుగా వాడకూడదన్నది నా గట్టి నమ్మకం.

అందుకని తండ్రినే అడిగాను. "ఆ రోజు మిమ్మల్ని ఎవరైనా అడిగారా, నువ్వేం చదువుదామనుకున్నావు అని?"

"ఎవరడుగుతారండీ. అడిగే మనిషి మంచంలో ఉన్నాడు."

ఈ జవాబుతో నా ఆలోచన మారింది. అప్పటిదాకా ఆయన్ని మొండి మనిషిగా కాకపోయినా, వినడానికి ఇష్టపడని మనిషిగానే లెక్కేసుకున్నాను. ఒక తండ్రి కొడుకును కూర్చోబెట్టి నీకేం కావాలని అడగడం ఆయన తన ఇంట్లో ఎన్నడూ చూడలేదు. ఆయనకు తెలిసిన తండ్రి పని భారం మోయడం, జాగ్రత్త చెప్పడం. ఆ రెండూ చక్కగానే చేస్తున్నాడు.

కుర్చీలు మార్చడం

తర్వాతి సిట్టింగులో ఇద్దర్నీ ఒకరి కుర్చీలో ఒకరిని కూర్చోమన్నాను. జేకబ్ మొరెనో సైకోడ్రామాలో, అంటే సమస్యను నాటకంలా నటిస్తూ చేసే చికిత్సలో, ఉన్న పాత్రల మార్పిడి పద్ధతి ఇది. తండ్రి పాటలో కొడుకు భాగాన్ని సొంత మాటల్లో చెప్పాలి. కొడుకు తండ్రి భాగం చెప్పాలి. పాట చేతిలో ఉంది కాబట్టి ఎదుటివాళ్లను వెక్కిరిస్తున్నట్టు ఉండదు, కథ చెబుతున్నట్టు ఉంటుంది. నియమం ఒక్కటే. ఎదుట ఉన్న మనిషితోనే మాట్లాడాలి, నా వైపు తిరగకూడదు.

కొడుకు కుర్చీలో కూర్చున్న తండ్రి, "మా నాన్న నా మాట వినడు" అని మొదలుపెట్టాడు. ఆపి, ఆ మాట నాన్నకే చెప్పమన్నాను. చాలాసేపు ఊరుకున్నాడు. చివరికి ఎదురుగా ఉన్న కొడుకును చూస్తూ అడిగాడు.

"నాన్నా, నేను పోతే నీకు భయమా?"

ఇన్ని నెలల్లో ఆ ఇద్దరి మధ్య నేరుగా నడిచిన మొదటి ప్రశ్న ఇది. తండ్రి నోట వచ్చింది, కొడుకు పాత్రలో వచ్చింది. తండ్రి కుర్చీలో ఉన్న కొడుకు గొంతు సవరించుకుని జవాబిచ్చాడు.

"భయమేరా. తాతకి అయినట్టే నాకూ అయితే, నువ్వు సముద్రం మధ్యలో ఉంటే, నిన్ను ఎట్లా పిలిపించను?"

తండ్రి కళ్లు తుడుచుకున్నాడు. రైతుల బాకీలు, పెళ్లి, కొట్టు పేరు, అన్నీ అప్పటిదాకా వచ్చాయి. ఈ ఒక్క మాట ఆయన ఎవరితోనూ అనలేదు. భార్యతో కూడా. కొడుక్కి మాత్రం తెలుసు. నాన్న బీపీ బిళ్లలు దాచిపెట్టి వేసుకుంటున్నాడని అతను ఎప్పుడో గమనించాడు. తెలిసి కూడా, ఆ సంగతి ఎత్తితే తన ప్రయాణం ఆగిపోతుందని నోరు విప్పలేదు. ఆ మాట కూడా ఆ రోజే, తన కుర్చీలోకి తిరిగి వచ్చాక, నాన్నతోనే చెప్పాడు.

ఇంట్లో ఏం మార్చాం

గదిలో జరిగింది ఇంట్లో నిలబడాలి. తండ్రికి ఇచ్చిన పని: రోజుకు ఒక ప్రశ్న అడగాలి, జవాబు తర్వాత సలహా చెప్పకూడదు. మొదటి రోజుల్లో ఆయన ప్రశ్నలన్నీ తనిఖీలే. తిన్నావా, లెక్క రాశావా, బండికి ఆయిల్ మార్పించావా. జవాబు ముందే తెలిసిన ప్రశ్న లెక్కలోకి రాదని చెప్పాను. ఒక సాయంత్రం, "ఇంజన్ రూమ్‌లో వేడి ఎంత ఉంటుందిరా" అని అడిగాడట. కొడుకు ఫోన్‌లో వీడియోలు చూపిస్తూ గంటసేపు కూర్చున్నాడు. ఆ రోజు నుంచి లెక్క.

కొడుక్కి ఇచ్చిన పని ఇంకా కష్టమైంది. ఏం కావాలన్నా నాన్నను నేరుగా అడగాలి, పెట్రోల్ డబ్బులైనా సరే. పెద్ద విషయంతో మొదలుపెడితే నోరు పెగలదు కాబట్టి చిన్నవాటితో మొదలుపెట్టించాను.

అన్నిటికన్నా కష్టం తల్లిది. ఎవరు ఏ కబురు చెప్పినా, "నువ్వే చెప్పు నాన్నా", "మీరే అడగండి" అని ఊరుకోవాలి. ఆమె ఒప్పుకుంది, చేసింది కూడా. కొన్నాళ్లకు ఒంటరిగా వచ్చి ఏడ్చింది. "ఇప్పుడు వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. నాతో ఎవరూ మాట్లాడట్లేదు మేడమ్." ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఆమె విలువ కబుర్లు మోయడంలోనే ఉంది. భారం దించేశాం, దాంతోపాటు ఆమె చోటు కూడా పోయింది. తండ్రీకొడుకుల కేసుల్లో మనం ఎక్కువగా పట్టించుకోని మనిషి ఈమె. ఆమెతో విడిగా కొన్ని సిట్టింగులు పెట్టాను. భర్తతో తనకోసం తాను ఏం అడగాలనుకుంటోందో మాట్లాడుకున్నాం. పుట్టింటి ఊళ్లో ఉన్న తన వాటా పొలం సంగతి ఆయనతో మాట్లాడి ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

నేరుగా మాట్లాడటం మొదలయ్యాక అసలు విషయాలు చకచకా కదిలాయి. తండ్రి పూర్తి వైద్య పరీక్షలు చేయించుకున్నాడు, మందులు అందరికీ తెలిసేలా హాల్లో పెట్టాడు. చాలాకాలంగా ఉన్న గుమస్తాకు బాధ్యత పెంచి, కొన్ని ఖాతాలు అప్పగించాడు. ఇంట్లో ఏదైనా జరిగితే ఓడ కంపెనీకి ఎలా కబురు పెట్టాలో కొడుకు కాగితం మీద రాసి గోడకు అంటించాడు. మొదటి కాంట్రాక్టు పూర్తయ్యాక మళ్లీ కూర్చుని మాట్లాడాలన్నది తండ్రి షరతు. అప్పటిదాకా పెళ్లి మాట ఎత్తకూడదన్నది కొడుకు షరతు. ఒకరి షరతుకు ఒకరు ఒప్పుకున్నారు.

మధ్యలో ఒకసారి పాత అలవాటు తిరిగొచ్చింది. ఫీజు కట్టే వారంలో తండ్రి, రసీదు సంగతి కొడుకును అడగమని భార్యకు చెప్పాడు. ఆమె కొడుకు నంబర్ కలిపి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

కొడుకు శిక్షణలో చేరాడు. కొట్టు తర్వాత ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంది. తండ్రికి కొడుకు తిరిగొస్తాడని ఆశ, కొడుక్కి ఆ ఆశ సంగతి తెలుసు. ఇద్దరూ ఆ విషయం మీద ఒప్పందానికి రాలేదు. రమ్మని నేనూ ఒత్తిడి చేయలేదు. ఆ మాట వాళ్లిద్దరి మధ్య నడుస్తోంది, నాకు అది చాలు.

ఇందులోంచి నేను తీసుకున్నవి

ఇప్పుడు ఏ తండ్రీకొడుకులు వచ్చినా, గొడవ దేని గురించి అని అడిగేముందు, ఇంట్లో ఎవరి మాట ఎవరి నోటి మీదుగా వెళ్తోందో ఒక కాగితం మీద గీస్తాను. ఒక్కో మాట వెంట వెళ్తే, త్రికోణం మూడో మూల ఎవరిదో తెలిసిపోతుంది. అది తెలియకుండా చేసిన సలహాలు, ఉత్తరాలు, జాబితాలు అన్నీ అదే దారిలో ఇరుక్కుంటాయి.

పాట గురించి: అందులోని సందేశం కోసం వినిపిస్తే అది ఒక పక్షం చేతిలో ఆయుధమవుతుంది. అందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు వింటున్నారు, ఎవరు అడగడం లేదు అని వింటే ఇద్దరికీ పనికొస్తుంది. పాట వాళ్ల జీవితానికి ఎక్కడ సరిపోలేదో అక్కడే తలుపు తెరుచుకుంది. నేనూ నీలాగే ఉన్నాను అన్న మాటను తండ్రి ఒప్పుకుని ఉంటే ఆ కేసు ఎటు వెళ్లేదో చెప్పలేను. క్లయింటు "ఇది నాకు వర్తించదు" అన్నప్పుడు వర్తించేలా సర్ది చెప్పకుండా, ఎందుకు వర్తించదో అడగడం మంచిది.

ఈ పద్ధతి అన్ని ఇళ్లకూ కాదు. ఈ కేసులో చేయి చేసుకోవడం లేదు, తాగుడు లేదు, ఇల్లు వదిలి పొమ్మన్న బెదిరింపు లేదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. భయం ఉన్న ఇంట్లో కొడుకును తండ్రి కుర్చీలో కూర్చోబెడితే, అక్కడ అన్న మాటకు ఇంటికి వెళ్లాక దెబ్బలు తినేది అతనే. ఈ కేసు తర్వాత కొన్నాళ్లకు ఇంకో తల్లి వచ్చి, వాళ్లకు చేసినట్టే మాకూ పాట పెట్టి మాట్లాడించమంది. భర్త తాగి కొడుకును కొడతాడు. ఆ కుర్రాణ్ణి తండ్రి ఎదుట కూర్చోబెట్టలేదు. ముందు అతను మేనమామ ఇంట్లో ఉండే ఏర్పాటు చేయించి, తండ్రిని మద్యం మాన్పించే చికిత్సకు పంపించాను. కలిపి కూర్చోబెట్టే మాట ఇంకా రాలేదు.